రోగాలు నడిచే దారులు

బెంగళూరు నగరానికి వాయవ్య దిశలో, తుమకూరు రహదారిని ఆనుకొని పీణ్య అనే ప్రాంతం ఉంది. 1970ల చివర ఇక్కడ పారిశ్రామికవాడ ఏర్పడింది. అప్పటినుండి అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు వైపునుండి ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెదుక్కొంటూ వచ్చి ఇక్కడా, చుట్టుపక్కల దాసరహళ్ళి, జాలహళ్ళి, యశవంతపురం ప్రాంతాలలోనూ స్థిరపడ్డాయి. లేతు యంత్రాల దగ్గర, కుట్టు మిషన్ల ముందు, లోహపు సామానుకు మెరుగుపూత పూసే షెడ్లలో, కట్టుబడి పనులలో వారు కనిపిస్తారు. ఒక గదిలో నలుగురైదుగురు, ఒక కొళాయికి పది ఇళ్ళు, రోజు విడిచి రోజు వచ్చే నీరు, ఆ నీటిని నిలువచేసుకొనే నీలిరంగు డ్రమ్ములు, నేలలో కట్టిన సంపులు ఉండే వఠారాలు ఈ చుట్టుపక్కల అనేకం.

వానలు మొదలైనాయంటే ఇటువంటి వఠారాలలో ఇంటికొకరు మంచం పడతారు. ఏమయిందని అడిగితే ‘జ్వరం’ అంటారు. ఎందుకు వచ్చిందని అడిగితే గాలి సోకిందని ఒకరు, కొత్త నీళ్ళు పడలేదని ఒకరు, ఎండలో తిరిగితే వేడి చేసిందని ఇంకొకరు చెబుతారు. వీధి చివరి మందుల దుకాణంలో మూడు రంగుల మాత్రలు పొట్లం కట్టి ఇస్తారు. ఆ పొట్లంతో ఒకరికి నయమవుతుంది, పక్కింటి వారికి కాదు. నిజానికి జ్వరం దానంతట అది ఒక రోగం కాదు. శరీరంలో ఏదో పోరాటం జరుగుతున్నదనడానికి అది గుర్తు. ఆ పోరాటం ఎవరితో అన్నది తెలియనిదే ఏ మందు వేయాలో తెలియదు. రోగం ఏ దారిన వచ్చిందో తెలియనిదే అది పక్కవారికి పోకుండా ఆపడమూ సాధ్యం కాదు. ఈ పాఠంలో మనం ఆ దారులను గురించి తెలుసుకొందాం.

ముందుగా ఒక భేదం గమనించాలి. మెరుగుపూత కార్ఖానాల వ్యర్థజలం భూమిలోకి ఇంకి, పీణ్యలోని కొన్ని బోరుబావుల నీటిలో క్రోమియం అనే లోహం కలిసినట్లు పరీక్షలలో తేలింది. అటువంటి నీరు తాగితే ఆరోగ్యం చెడుతుంది. అయితే ఆ చెరుపు తాగినవారికే పరిమితం. వారి పక్కన కూర్చున్న వారికి అది రాదు. క్రోమియం ఎంత లోపలికి పోయిందో అంతే ఉంటుంది, పెరగదు. నీటిని కాచినా అది పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ లోహం మరింత చిక్కబడుతుంది. ఇక అదే బావిలో కలరా క్రిములు ఉన్నాయనుకోండి. నీరు తెర్లేవరకు కాస్తే అవి చచ్చిపోతాయి. కాచక తాగితే కడుపులో చేరి లక్షలుగా, కోట్లుగా పెరుగుతాయి. ఆ రోగినుండి మళ్ళీ నీటిలోకి, ఆ నీటినుండి ఇంకొకరి కడుపులోకి పోతాయి. ఇలా ప్రాణమున్నదై, శరీరంలో వృద్ధి పొంది, ఒకరినుండి గాని, జంతువునుండి గాని, మట్టినుండి గాని మరొకరికి చేరే దానివల్ల వచ్చే రోగమే అంటురోగం. విషం పెరగదు, క్రిమి పెరుగుతుంది. ముఖ్యమైన భేదమంతా ఇందులోనే ఉంది.

ఎంత వేగంగా పెరుగుతుందో ఒక లెక్క చేసి చూడండి. అనుకూలమైన వేడి, తేమ, ఆహారం దొరికితే కొన్నిరకాల బాక్టీరియాలు ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతాయి. ఒకటి గంటకు ఎనిమిదవుతుంది. రెండవ గంటకు అరవైనాలుగు. ఈ లెక్కన ఏడు గంటలకు 20,97,152 అవుతాయి. ఉదయం ఏడు గంటలకు కట్టిన అన్నం మధ్యాహ్నం రెండు గంటలకు వాసన వేయడంలో వింత ఏమీ లేదు. అన్ని బాక్టీరియాలకూ ఇంత తొందర ఉండదు. క్షయను కలిగించే క్రిమికి రెండుగా చీలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే ఆ రోగం నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది, మందు కూడ నెలల తరబడి వాడవలసి వస్తుంది. అలాగని సూక్ష్మజీవులన్నీ శత్రువులే అనుకోరాదు. పాలు పెరుగుగా తోడుకొనడం, ఇడ్లీ పిండి పులియడం వాటి పనే. మనకు కీడు చేసేవి వాటిలో కొద్దిపాటివే.

ఆ కొద్దిపాటి వాటిలో బాక్టీరియాలు, వైరస్‌లు, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు, శిలీంధ్రాలు అనే బూజు జాతులు, కడుపులోనో రక్తంలోనో నివసించే పురుగులు ఉన్నాయి. ఒక్కొక్క జాతి బ్రతికే తీరు వేరు, ప్రయాణించే తీరు వేరు. ఈ విషయం తెలియని రోజులలో ఏమి జరిగిందో తెలుసుకొనడానికి మనం దూరం పోనక్కరలేదు. ఈ బెంగళూరులోనే జరిగింది.

1896లో బొంబాయిలో ప్లేగు మొదలయింది. రెండేళ్ళకు, 1898 ఆగస్టులో, హుబ్బళ్ళి వైపునుండి రైలు మార్గాన అది బెంగళూరు చేరింది. తుమకూరు, యశవంతపురం మీదుగా వచ్చే ఆ రైలుదారి పీణ్యకు ఎంతో దూరంలో లేదు. కొద్ది నెలలలో వేలమంది చనిపోయారు. చంకలోను, గజ్జలోను గడ్డలు లేచి, తీవ్రమైన జ్వరంతో కొద్ది రోజులలోనే ప్రాణాలు పోయేవి. అధికారులు తమకు తెలిసిన పనులన్నీ చేశారు. రైళ్ళలో వచ్చేవారిని పరీక్షించారు. రోగులను వేరు శిబిరాలకు తరలించారు. ఇళ్ళ పైకప్పులు విప్పి ఎండ తగిలేటట్లు చేశారు, గోడలకు సున్నం కొట్టించారు. శిబిరాలకు భయపడి జనం రోగులను దాచేవారు. చాలామంది ఊరు విడిచి పారిపోయారు. ప్లేగమ్మ అని పేరు పెట్టి గుడులు కట్టి మొక్కుకొన్నారు. ఆ గుడులు నేటికీ ఈ నగరంలో ఉన్నాయి. ఇరుకైన పేటలకు దూరంగా మల్లేశ్వరం, బసవనగుడి వంటి కొత్త బస్తీలు విశాలమైన వీధులతో పెరగడానికి కూడ ఆ ప్లేగు ఒక కారణం.

ఇంత చేసినా రోగం ఎందుకు ఆగలేదు? ప్లేగు క్రిమి ఒక బాక్టీరియా అని 1894లోనే హాంకాంగులో అలెగ్జాండర్ యెర్సిన్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. శత్రువు పేరు తెలిసింది గాని అతడు నడిచే దారి తెలియలేదు. మనుషులకంటె ముందు ఇళ్ళలో ఎలుకలు చచ్చిపడడం జనం చూశారు. ఎలుకకూ మనిషికీ మధ్య వంతెన ఏది? 1898లోనే కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు దానిని పట్టుకొన్నాడు. ఆ వంతెన ఎలుక ఒంటిమీది చిన్న గెంతుపురుగు. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే ఆ పురుగు దానిని వదలి వెచ్చని మరో శరీరాన్ని వెదుక్కొంటుంది. మనిషిని కుట్టి, తన కడుపులోని క్రిములను గాయంలోకి కక్కుతుంది. సిమాండ్ మాటను శాస్త్రజ్ఞులు వెంటనే అంగీకరించలేదు. మరికొన్నేళ్ళు పరిశోధనలు జరిగినమీదట గాని ఆ దారి అందరికీ స్పష్టం కాలేదు. ఈలోగా జనం తమ ధాన్యపు బస్తాలతో, పరుపులతో ఊరు మారారు. ఆ బస్తాలలో ఎలుకలూ, గెంతుపురుగులూ కూడ ప్రయాణం చేశాయి.

ప్లేగు కథలో ఒక తెలుగువాని పేరు కూడ చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించాడు. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అనే మందును తీశాడు. అది 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందులలో అది మొదటిది. 1994లో సూరతు నగరంలో ప్లేగు మళ్ళీ తలయెత్తినప్పుడు ఆ కుటుంబపు మందులే ప్రజలకు పంచిపెట్టారు. 1898లో వేలమందిని తీసికొనిపోయిన రోగం ఈనాడు వేళకు మందు పడితే నయమవుతుంది.

బాక్టీరియా కంటికి కనిపించదు. చాలా బాక్టీరియాలు మిల్లీమీటరులో వెయ్యవ వంతు లేదా అంతకు కొన్ని రెట్లు ఉంటాయి. అయినా అది స్వయంగా తినగలదు, పెరగగలదు, చీలగలదు. చాలా బాక్టీరియాలు విషాన్ని విడుదల చేసి మనకు హాని చేస్తాయి. కలరా క్రిమి చిన్నప్రేవులలో చేరి విడిచే విషంవల్ల శరీరంలోని నీరంతా ప్రేవులలోకి కారిపోతుంది. కలరాలో మనిషిని చంపేది ముఖ్యంగా ఆ నీటి నష్టం, ఉప్పు నష్టం. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు నీరు ఇవ్వరాదని మన పెద్దలలో కొందరు అనేవారు. అది ప్రాణం తీసే నమ్మకం. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి, అవి టీ చెంచాలు కావాలి. ఉప్పు ఎక్కువైతే కీడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించి, సూదిమందు ద్రావణం చాలనప్పుడు దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు మొదలైనవి కలిపిన నీటిని నోటిద్వారా ఇప్పించి ఎన్నో ప్రాణాలు నిలిపాడు. ఆసుపత్రికి చేరేలోగా ఏ పేద ఇంటిలోనైనా చేయగలిగిన వైద్యం ఇది. టైఫాయిడ్ కూడ నీటి దారినే, ఆహారం దారినే వస్తుంది. మలం చేతికి, చేయి నోటికి తగలకుండా సబ్బు అడ్డు నిలుస్తుంది.

క్షయ దారి గాలి. ఊపిరితిత్తుల క్షయ ఉన్న రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు సన్నని తుంపరలలో క్రిములు గాలిలోకి వస్తాయి. వెలుతురూ గాలీ లేని గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఎండ తగిలితే చచ్చిపోతాయి. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పగటి షిఫ్టువారు, ఇద్దరు రాత్రి షిఫ్టువారు వంతులు వేసికొని పడుకొనే చోట ఆ రోగానికి దారి ఎంత సులువో ఊహించండి. బెంగళూరులోనే 1959లో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. 1960ల ఆరంభంలో ఆ సంస్థవారు మన పొరుగున ఉన్న తుమకూరు జిల్లా గ్రామాలలో విచారించగా ఒక సంగతి బయటపడింది. క్షయరోగులలో సగానికి పైగా అప్పటికే వైద్యుని దగ్గరకు వెళ్ళినవారే! వారికి దగ్గు మందు ఇచ్చి పంపివేశారు. రోగులు అజ్ఞానంతో రాలేదని అనుకొనడం అందరికీ అలవాటు. వచ్చినవారి కఫాన్ని ఎవరూ పరీక్షించలేదన్నది అసలు నిజం. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించుకోవాలని ఇప్పుడు చెప్పేది అందుకే. మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకు ఒంట్లో కులాసాగా ఉన్నదని మానివేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా తయారవుతాయి.

ధనుర్వాతం మాత్రం మనిషినుండి మనిషికి రాదు. దాని క్రిమి మట్టిలో, దుమ్ములో, పశువుల పేడలో నిద్రపోతున్నట్లుగా ఏళ్ళ తరబడి ఉంటుంది. గాలి సోకని లోతైన గాయం దొరికితే మేల్కొంటుంది. ఇనుము గీసుకొంటే ధనుర్వాతం వస్తుందని పీణ్య కార్ఖానాలలో అందరూ అంటారు. తుప్పుకు ఆ శక్తి లేదు, దానికి అంటిన మట్టికి ఉంది. ముల్లు గుచ్చుకొన్నా అంతే ప్రమాదం. టీకాలు వేళకు వేసికొన్నవారికి ఆ భయం చాలా తక్కువ.

ఇక వైరస్ సంగతి. ఇది బాక్టీరియాకంటె ఎన్నో రెట్లు చిన్నది. స్వయంగా తినలేదు, పెరగలేదు. మన శరీరంలోని కణంలోకి చొరబడి, ఆ కణంచేతనే తనవంటి వైరస్‌లను వందలు, వేలు తయారు చేయించుకొంటుంది. దొంగ ఒకరి కార్ఖానాలో దూరి, ఆ యంత్రాలతోనే తన సరుకు తయారు చేసికొన్నట్లు! బాక్టీరియాను చంపే మందులు వైరస్‌ను ఏమీ చేయలేవు. మామూలు జలుబుకు, డెంగ్యూకు ఆంటీబయాటిక్ మాత్రలు మింగడం దండగ. పైగా శరీరంలోని ఇతర బాక్టీరియాలు ఆ మందుకు అలవాటుపడతాయి. తర్వాత నిజంగా అవసరం వచ్చిననాడు ఆ మందు పనిచేయదు.

పొంగు చూపిన రోగాలను మనవారు అమ్మవారు, ఆటలమ్మ, తట్టు అని పిలిచారు. ఇవన్నీ వైరస్ రోగాలే. తట్టు గాలి దారిన వస్తుంది. రక్షణ లేని పిల్లల మధ్య ఒక రోగి పన్నెండు నుండి పద్దెనిమిది మందికి దానిని అంటించగలడు. పెద్దమ్మవారు, అనగా మశూచి, వేల సంవత్సరాలు లోకాన్ని పీడించింది. టీకా పుణ్యాన మన దేశంలో 1975లో ఆగిపోయింది. 1980లో లోకమంతటా లేకుండా పోయినట్లు ప్రకటించారు. సహజంగా వ్యాపించే పోలియో వైరస్‌వల్ల వచ్చే రోగం 2011 జనవరి తర్వాత మన దేశంలో కనిపించలేదు. టీకా చేసే పని ఇది: బలహీనపరచిన క్రిమినో, చచ్చిన క్రిమినో, దానిలోని ఒక భాగాన్నో ముందుగా శరీరానికి చూపిస్తుంది. శరీరం ఆ ముఖాన్ని గుర్తు పెట్టుకొంటుంది. నిజమైన శత్రువు వచ్చిననాడు తడవుకోకుండా ఎదుర్కొంటుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ ముఖం ఎవరి శరీరానికీ పరిచయం లేదు. అందుకే అది అంత వేగంగా లోకాన్ని చుట్టింది. ఆ మార్చి నెలలో కార్ఖానాలు మూతపడి, బండ్లు లేక, ఎందరో కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని రహదారుల వెంట స్వగ్రామాలకు నడిచారు. మీ ఇంటి పెద్దలలో ఎవరైనా ఆ నడకను గురించి చెప్పి ఉండవచ్చు. మరుసటి ఏడు హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌తో సహా టీకాలు వచ్చాయి.

వీధికుక్కలు తిరిగే చోట ఉంటున్నాం గనుక రేబీస్ వైరస్‌ను మరువరాదు. అది పిచ్చికుక్క చొంగలో ఉండి, కాటుద్వారా ప్రవేశించి, నరాల వెంట నెమ్మదిగా మెదడుకు పాకుతుంది. రోగలక్షణాలు కనిపించిన తర్వాత బ్రతికినవారు అత్యంత అరుదు. కాని అది మెదడు చేరేలోగా మనకు సాధారణంగా కొన్నాళ్ళ గడువు ఉంటుంది. కరచిన వెంటనే పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో గాయాన్ని కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టరాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకాలన్నీ చెప్పిన రోజులలో వేయించుకోవాలి. కుక్కపిల్ల గీరిందని ఇంటిలో చెబితే తిడతారని దాచే పిల్లలున్నారు. తిట్లు తిన్నా సరే, చెప్పాలి.

శిలీంధ్రాలవల్ల తామర వంటి చర్మరోగాలు వస్తాయి. చెమట, తడిబట్ట, పక్కవారి తువాలు వీటి దారి. దురద తగ్గుతుందని దుకాణంలో ఇచ్చే స్టీరాయిడ్ కలిసిన లేపనాలు రాస్తే తామర లోలోపల మరింత పాకుతుంది. కడుపులోని ఏలికపాములు కడగని చేతులద్వారా, కొంకిపురుగులు మలం కలిసిన నేలమీద చెప్పులు లేని పాదాలద్వారా లోపలికి పోతాయి. కొంకిపురుగు ప్రేవులను పట్టుకొని రక్తం పీలుస్తుంది. తరగతిలో కునుకుపాట్లు పడే పిల్లలందరూ సోమరులు కారు, కొందరు రక్తహీనులు. బడిలో పంచే ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగుల కొరకే. కోస్తా జిల్లాలలో ఎందరినో వికలాంగులను చేసిన బోదకాలు కూడ పురుగు రోగమే. దానికి నేటికీ వాడుతున్న మందు 1940లలో సుబ్బారావు బృందం కనుగొన్నదే. అయితే ఆ పురుగు మనిషినుండి మనిషికి చేరడానికి దోమ కావాలి.

దోమ దారి తెలిసిన కథ బెంగళూరులో మొదలై తెలుగుదేశంలో ముగిసింది. 1883లో రొనాల్డ్ రాస్ అనే యువ సైనిక వైద్యుడు బెంగళూరులో ఉండేవాడు. అతని బంగళా కిటికీకింద ఒక నీటి తొట్టి ఉండేది. గదిలో దోమలు విపరీతం. తొట్టిలో దోమపిల్లలు ఈదుతూ ఉండడం చూసి దానిని తలక్రిందులు చేశాడు. గదిలో దోమలు పోయాయి! భోజనశాల చుట్టూ ఉన్న తొట్లను, పూలపాత్రలను కూడ అలాగే ఖాళీ చేయిద్దామని పై ఉద్యోగితో చెబితే అతడు ఒప్పుకోలేదు. దోమలను సృష్టించినవాడు ఏదో ప్రయోజనం కొరకే సృష్టించి ఉంటాడు, ఓర్చుకోవాలి అన్నాడట. దోమకూ జ్వరానికీ సంబంధమున్నదని అప్పటికి రాస్‌కు కూడ తెలియదు.

1895లో కలరా నివారణ పనిమీద అతడు మళ్ళీ బెంగళూరు వచ్చాడు. ఆ తరువాత సికింద్రాబాదుకు తిరిగి వెళ్ళి, బేగంపేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూడసాగాడు. మలేరియా రోగిచేత దోమలను కుట్టించుకొని, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని ఆ ఉక్కలో చెమటలు కారుతూనే పనిచేశాడు. 1897 ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా జీవి పెరుగుతూ కనిపించింది. మరుసటి ఏడు కలకత్తాలో, పక్షులకు వచ్చే మలేరియాను పరిశీలించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులలో చేరి కాటుద్వారా బయటకు వస్తుందని నిరూపించాడు. 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించింది.

మలేరియాను కలిగించే జీవి ఏకకణ జీవి. అది మొదట కాలేయంలోను, తర్వాత ఎర్రరక్తకణాలలోను పెరుగుతుంది. నిండిన కణాలన్నీ ఒక్కసారిగా పగిలినప్పుడు వణుకు పుట్టి జ్వరం వస్తుంది. రోజు విడిచి రోజు చలిజ్వరం రావడానికి కారణం ఇదే. ఇంతకూ దోమలన్నీ ఒకటి కావు. మలేరియాను మోసే అనాఫిలిస్ రాత్రి కుడుతుంది. బోదకాలు మోసే క్యూలెక్స్ మురికి కాలువలలో పెరుగుతుంది. డెంగ్యూ వైరస్‌ను మోసే ఈడిస్ దోమకు ఒంటిమీద తెల్లని చారలుంటాయి. అది పగలు కుడుతుంది. మురుగులో కాక, మనం దాచుకొన్న మంచినీటిలో, ఇంటి వెనుక పడవేసిన టైర్లలో, నూనె డబ్బాలలో, పూలకుండీ పళ్ళెంలో గుడ్లు పెడుతుంది. పుట్టిన చోటినుండి కొన్ని వందల గజాలకు మించి సాధారణంగా ఎగరదు. కనుక మన వఠారంలో డెంగ్యూ వచ్చిందంటే ఆ దోమ ఎక్కువగా మన డ్రమ్ములలోనో, పక్క షెడ్డులోనో పుట్టినదే. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగ్యూను అంటురోగంగా ప్రకటించి, దోమలు పెరిగేటట్లు నీరు నిలువ ఉంచినవారికి జరిమానా విధించింది. నీరు నిలువ ఉంచక తప్పని ఇళ్ళమీద జరిమానా ఎంతవరకు న్యాయం అన్నది పెద్దలు ఆలోచించవలసిన మాట. కొళాయిలో రోజూ నీరు వస్తే డ్రమ్ము అవసరమే ఉండదు కదా!

డెంగ్యూ జ్వరంలో ఒళ్ళంతా, ముఖ్యంగా కీళ్ళు, కంటి వెనుక భాగం విపరీతంగా నొప్పి పెడతాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసికొంటే రక్తస్రావం కావచ్చు గనుక వేసికోరాదు. పారాసిటమాల్ ఒక్కటే, వైద్యుడు చెప్పిన మోతాదులో వాడాలి. మూడు నుండి ఏడు రోజుల మధ్య జ్వరం తగ్గుతుంది. ఇంటివారు ఊపిరి పీల్చుకొని పనికి పోతారు. నిజానికి కొందరికి అప్పుడే ప్రమాదం మొదలవుతుంది. విడువని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోనో ముక్కులోనో రక్తం, మగతగా పడి ఉండడం, కాళ్ళు చేతులు చల్లబడడం కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి. రేపటి షిఫ్టు చూసికొని పోదామనుకోరాదు.

గుడ్డునుండి దోమ కావడానికి ఏడు నుండి పది రోజులు పడుతుంది. కనుక వారానికి ఒక రోజు డ్రమ్ములు ఖాళీ చేసి ఆరబెడితే ఎగిరే దోమ తయారు కాదు. అయితే ఇందులో ఒక కిటుకు ఉంది. ఈడిస్ తన గుడ్లను నీటిలో వదలదు. నీటిమట్టానికి కొంచెం పైన డ్రమ్ము గోడకు అంటిస్తుంది. అవి నల్లని ఆవగింజకంటె చిన్నవి, తడి లేకపోయినా నెలల తరబడి చావవు. నీరు పారబోసి బోర్లించినంతమాత్రాన అవి పోవు, మళ్ళీ నీరు పోసిన రోజున పిల్లలవుతాయి. కొబ్బరిపీచుతో లోపలి గోడను, ముఖ్యంగా నీటి చారకు పైన ఉన్న జానెడు మేర, గట్టిగా తోమి కడగాలి. నీరు పట్టిన తర్వాత పాత చీరముక్కను రెండు మడతలు వేసి, మూతికి సందు లేకుండా తాడుతో బిగించి కట్టాలి.